కొండపల్లి మక్కు, బోస్టన్ మందు

మీ ఇంట బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మ ఉంటే ఓసారి చేతిలోకి తీసుకుని చూడండి. తెల్లపొణికి కర్రతో ఒళ్లు వేరే, చేతులు వేరే చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. రంగు పడ్డాక ఆ అతుకు ఎక్కడుందో తెలియనే తెలియదు. కనబడని పనికి పేరెక్కడ వస్తుంది లెండి, మన ఆడవాళ్లకి చెప్పాలా!

మందుల తయారీలోనూ ఇలాంటి మక్కు ఒకటుంది. దాన్ని లింకర్ అంటారు.

మన కణాల్లో పనికిరాని మాంసకృత్తులను ఊడ్చిపారేసే ఏర్పాటు ఉంది. పారేయవలసినదానికి యుబిక్విటిన్ అనే చీటీ అంటుకుంటుంది. చీటీ పడ్డది ముక్కలైపోతుంది. ఇది కనిపెట్టినవాళ్లకి 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకుముందే, 2001లో, అమెరికాలో సకమోటో, క్రూస్, డెషేస్ అనేవారికి ఓ ఆలోచన తట్టింది. ఒక కొస రోగం తెచ్చే మాంసకృత్తినీ, రెండో కొస చీటీ అంటించేదాన్నీ పట్టుకునే మందు తయారు చేస్తే? దానికి ప్రొటాక్ అని పేరు పెట్టారు.

ఆ రెండు కొసల నడుమ ఉన్న గొలుసే లింకర్. తరచుగా అది క్రీముల్లోనూ వాడే పాలిఇథిలిన్ గ్లైకాల్ ముక్క. ఎటు కావాలంటే అటు వంగుతుంది. అచ్చం మన పెళ్లిళ్ల పేరయ్యే ననుకోండి! గొలుసు మరీ పొట్టిదైతే రెండు మాంసకృత్తులూ ఢీకొంటాయి, మరీ పొడుగైతే కలిసి నిలవవు. కుదిరిందా, పని కాగానే మందు విడిపడి ఇంకో ఇంటికి బయలుదేరుతుంది. అందుకే కొంచెం మందుతోనే బోలెడు పని అవుతుంది.

ఇక రెండో కొసకి దొరికినదేమిటో తెలుసునా? థాలిడోమైడ్! 1957లో జర్మనీలో నిద్రమాత్రగా వచ్చి, వేవిళ్లకి కూడా మంచిదని గర్భిణులకి ఇచ్చిన మందు. పదివేల మందికి పైగా పసివాళ్లు చేతులూ కాళ్లూ సరిగా ఎదగకుండా పుట్టారు. 1961లో అక్కడ అమ్మకం ఆపేశారు. అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే మహాతల్లి ఎవరెంత ఒత్తిడి చేసినా అనుమతి ఇవ్వలేదు.

అది పట్టుకునేది చీటీలంటించే జట్టులోని సెరిబ్లాన్‌ని అని 2010లో జపాన్‌లో ఇటో, హండాల బృందం తేల్చింది. బిడ్డ అవయవాలు ఎదగడానికి కావలసిన మాంసకృత్తికి ఆ మందే చీటీ వేయిస్తోందని 2018లో తెలిసింది. చంపిన గుణమే ఇప్పుడు అక్కరకొచ్చింది. "పాపం కడుక్కుంది" అని కొందరంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఆ తల్లులకి ఎవరేం కడిగారు?

2015లో బోస్టన్‌లోని డేనా-ఫార్బర్ సంస్థవారు థాలిడోమైడ్‌ని పొట్టి కర్బన గొలుసుతో మరో అణువుకి తగిలించి, ఎలుకల్లో రక్తకాన్సరు జోరు తగ్గించారు. సంస్థ పేరులోని ఫార్బర్ 1948లో రక్తకాన్సరు పిల్లలకి కొంతకాలమైనా ఉపశమనమిచ్చిన డాక్టరు. అప్పుడాయన వాడిన అమినోప్టెరిన్, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అందించినది!

2019లో ప్రొటాక్‌ని తొలిసారి రోగులకి ఇచ్చి చూశారు. మాత్రగా మింగితే ఒంటికి పట్టాలని, వంగే గొలుసుల బదులు బిగువైన వలయాలు కూడా పెడుతున్నారు.

థాలిడోమైడ్‌ని ఎముకమజ్జ కాన్సరుకి ఈనాటికీ ఇస్తూనే ఉన్నారు. అయితే బిడ్డను కనే వయసున్న స్త్రీకి, గర్భం లేదని పరీక్షలో తేలాకే ఇవ్వాలి.