చారు గిన్నె చరిత్ర

తెలుగువారి భోజనంలో పప్పు, కూర, పులుసుల తరువాత, మజ్జిగకు ముందు వచ్చే చారు అన్నిటికంటే తేలికైన వంటకమని పేరు పడింది. చింతపండు రసంలో ఉప్పు, మిరియాలు, జీలకర్ర వేసి మరిగించి, ఆవాలు, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టడమే దాని తయారీ అంతా. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి ఓడలపై మిరప ఈ దేశానికి చేరకముందు కారానికి మిరియాలే ఆధారం కనుక, నేడు జలుబు చేసినప్పుడు మాత్రమే గుర్తుకు వచ్చే మిరియాల చారు నిజానికి ఈ వంటకపు పాత రూపానికి దగ్గరగా ఉంటుంది. ఇంత సులువైన వంటకం చుట్టూ తెలుగు వంటిళ్లలో ఎన్నో నవ్వులాటలు, అవస్థలు పోగుపడ్డాయి. వాటిని జాగ్రత్తగా పరిశీలిస్తే ఎక్కువ సందర్భాలలో తప్పు వండిన చేతిది కాదనీ, చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికీ అది మరిగిన గిన్నెకూ మధ్య తరతరాలుగా సాగిన తగాదాదేననీ తెలుస్తుంది. పాత్రల చరిత్రను పక్కనబెట్టి చారు చరిత్ర చెప్పడం అందుకే సాధ్యం కాదు.

పులుపుతో పేచీ లేని పాత్రలు మొదటి నుంచీ రెండున్నాయి: మట్టి కుండ, రాచిప్ప. రాచిప్ప అంటే మెత్తని బలపపు రాతిని తొలిచి చేసిన గిన్నె. పులుపు దానిని ఏమీ చేయదు కనుక పులుసులకూ చారుకూ అది పెట్టింది పేరు. అయితే కొత్త రాచిప్పను నూనె పట్టించి, గంజి కాచి, కొన్నాళ్ల పాటు సన్నని సెగకు అలవాటు చేయకుండా ఒక్కసారిగా పెద్ద మంట మీద పెడితే అది నిలువునా పగిలి, లోపలి పులుసంతా పొయ్యిలోకి దిగి, వంటనూ మంటనూ ఒకేసారి ముగించేది. అలవాటుపడిన రాచిప్పకు మరొక గుణం ఉంది. రాయి వేడిని చాలాసేపు నిలుపుకుంటుంది కనుక పొయ్యి మీది నుంచి దింపిన తరువాత కూడా పులుసు కొంతసేపు తెర్లుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలియని కొత్త కోడలు అంచుల దాకా పోసిన పులుసును దింపి ఊరుకుంటే, నేల మీద పెట్టిన గిన్నె తనంతట తానే పొంగి ఒలికేది. తెలంగాణలో ఇంటింటా చేసుకునే పచ్చి పులుసు మాత్రం ఈ చిక్కుల్లో చాలా వాటికి దూరంగా ఉంది. చింతపండును నీళ్లలో పిసికి, ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, కాల్చిన మిరపకాయ కలిపితే సిద్ధమయ్యే ఆ పులుసుకు మిరపకాయ కాల్చడానికీ పోపు గరిటెకూ తప్ప నిప్పుతో పని ఉండదు.

అసలు కథ ఇత్తడితో మొదలవుతుంది. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. అది మన్నికైనది, నలుగురిలో పరువు నిలిపేది, అవసరపడితే తాకట్టుకు పనికివచ్చేది కనుక కూతురికి పెట్టే సారెలో ఇత్తడి సామాను తప్పనిసరి అయింది. శ్రీకాకుళం జిల్లా బుడితి, పశ్చిమ గోదావరి ప్రాంతపు అజ్జరం, జనగామ దగ్గరి పెంబర్తి వంటి ఊళ్లు ఇత్తడి పనికి ప్రసిద్ధి కెక్కాయి. ఇంత మంచి పాత్రకు చింతపండు అంటే గిట్టదు. పులుపు తగిలిన చోట రాగి కొద్దికొద్దిగా కరిగి, గాలితో కలిసి పచ్చని కిలుముగా మారుతుంది. ఆ కరిగిన రాగి చారులో చేరితే వచ్చే వికారమైన లోహపు రుచినే కనరు అంటారు. కనరెక్కిన చారు కడుపులో తిప్పుతుంది, మోతాదు మించితే వాంతులవుతాయి. పొద్దున్న రుచి చూసి బాగుందన్న చారు మధ్యాహ్నం విస్తట్లోకి వచ్చేసరికి నోట పెట్టలేనిదిగా మారడం, ఉప్పు ఎక్కువైందని ఒకరు, చింతపండు పాతదని మరొకరు, పోపు మాడిందని ఇంకొకరు తీర్పులు చెప్పడం, చివరకు గిన్నె బోర్లించి చూస్తే అడుగున పచ్చని మచ్చ కనిపించడం ఉమ్మడి కుటుంబాలలో మళ్లీమళ్లీ నడిచిన ప్రహసనం. ఈలోగా మాటలు పడింది మాత్రం వండిన ఆడమనిషే.

దీనికి విరుగుడు కళాయి. ఇత్తడి, రాగి పాత్రల లోపలి వైపున తగరంతో వేసే పలుచని పూతకు ఆ పేరు. తగరానికి వంటింటి పులుపుతో పెద్దగా వైరం లేదు కనుక ఆ పూత రాగికీ చారుకూ మధ్య అడ్డుగోడగా నిలుస్తుంది. కళాయి వేసేవారిలో చాలామంది ముస్లిం కుటుంబాలకు చెందినవారు. తోలుతిత్తి, బొగ్గుల సంచి, పట్టకారు, తగరపు కడ్డీ, నవాసాగరం పొట్లం వీరి సరంజామా. వీధి చివర చెట్టు కింద నేలలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదుతూ నిప్పు రాజేసేవారు. ఇంటింటి నుంచీ వచ్చిన గిన్నెలను ఇసుకతోనూ చింతపండుతోనూ తోమి మెరిపించి, వాటిలో ఒకదానిని పట్టకారుతో పట్టి నిప్పుల మీద తిప్పుతూ, బాగా కాగిన తరువాత చిటికెడు నవాసాగరం చల్లేవారు. వెంటనే దట్టమైన తెల్లని పొగ లేచి ముక్కుపుటాలు అదిరేవి. లోహం మీద మిగిలిన మకిలి ఆ లవణంతో విడిపోయేది. అదే క్షణంలో కడ్డీని ఒకసారి తాకిస్తే తగరం చుక్కగా కరిగేది, దానిని దూదితో గిర్రున చుట్టూ తుడిచేసరికి ఎర్రబారిన ఇత్తడి లోపలంతా వెండి రంగు తిరిగేది. గిన్నెను నీళ్లలో ముంచగానే చుయ్యిమన్న చప్పుడుతో పని ముగిసేది. చూడటానికి మూగిన పిల్లలకు ఇది ఇంద్రజాలం, పనివాడికి మాత్రం కళ్లనూ ఊపిరితిత్తులనూ అరగదీసే బతుకుతెరువు.

ఆ పూత శాశ్వతం కాదు. రోజూ బూడిదతో తోమే గిన్నెలో అది కొన్ని నెలలకే అరిగి, అడుగున ఇత్తడి బయటపడేది. తగరం ఈ దేశంలో పెద్దగా దొరికే లోహం కాదు. సముద్రం మీదుగా రావలసిందే. 19వ శతాబ్ది చివరి నాటికి ప్రపంచంలో అత్యధికంగా తగరం తీసిన ప్రాంతం మలయా. ధర ఎక్కువైన చోట కల్తీ వచ్చింది. చౌకగా దొరికే సీసాన్ని తగరంలో కలిపి పూస్తే కంటికి తేడా తెలియదు గానీ, సీసం శరీరంలో పేరుకుపోయే విషం. చారును కనరు నుంచి కాపాడవలసిన పూతే అంతకంటే పెద్ద హాని తెచ్చిన సందర్భాలు ఉన్నాయన్నది ఈ వృత్తి చరిత్రలో దాచకూడని విషయం.

పూతకు బదులు గిన్నెనే తగరంతో చేయడం మరొక మార్గం. చాలా ఇళ్లలో సత్తు గిన్నె అని పిలిచినది దీనినే. ఆ పేరు తరువాతి కాలంలో అల్యూమినియానికి కూడా చెల్లింది. తమిళుల ఇళ్లలో దీనికి దీటైన ఈయ చెంబు రసానికే ప్రత్యేకం. తగరపు గిన్నెలో కాచిన చారుకు వేరే గిన్నెలో రాని కమ్మదనం ఉంటుందని తినేవారి గట్టి నమ్మకం. కాని తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. లోపల నీరు ఉన్నంతసేపు ఆ నీరు మరిగే 100 డిగ్రీలను దాటి గిన్నె పెద్దగా వేడెక్కదు. నీరు లేకుండా మంట మీద పెడితే కొద్ది నిమిషాలలోనే అడుగు జారి, కరిగిన లోహం ముద్దలుగా పొయ్యిలో పడుతుంది. మాటల్లో పడి చారు ఇగిరిపోయేదాకా మరిచిపోవడం, ఖాళీ గిన్నెను ముందు పొయ్యి ఎక్కించి ఆ తరువాత చింతపండు కోసం వెతకడం, అందులోనే నూనె పోసి పోపు వేయబోవడం, ఈ మూడు తప్పులలో ఏది చేసినా తిరిగి వచ్చేది పిడికెడు లోహపు ముద్ద మాత్రమే. అందుకే ముందు నీళ్లు, తరువాత నిప్పు అన్న కట్టడి ఆ ఇళ్లలో ఏర్పడింది. చారుకు పోపును విడిగా ఇనుప గరిటెలో కాచి ముంచడానికి రుచి ఒక కారణమైతే, ఇటువంటి గిన్నెల భద్రత మరొక కారణం. అత్తగారి తగరపు గిన్నెను కరిగించిన కోడలి కథ ఎన్నో కుటుంబాలలో ఎవరో ఒకరి పేరు మీద చెప్పుకోవడం వింత కాదు, ఎందుకంటే ఆ ప్రమాదం ఏ ఇంటిలోనైనా జరగగలిగినదే.

లోహం వల్ల కాక పొయ్యి వల్ల వచ్చిన చిక్కులు కూడా తక్కువేమీ కావు. కట్టెల పొయ్యి ఆరబోతున్నప్పుడు ఊదుగొట్టంతో గట్టిగా ఊదితే మంటకంటే ముందు బూడిద లేచి, మూత తీసి ఉన్న చారులో వాలేది. కందిపప్పు కలిసిన పప్పుచారు మరిగేటప్పుడు పప్పులోని మాంసకృత్తులు, పిండిపదార్థం నురుగు కట్టి, చూస్తుండగానే పొంగి మంటను ఆర్పేసేవి. తడిసిన కట్టెల పొగ మిగిలిన చారుకు పట్టేది. కృష్ణా, గుంటూరు జిల్లాల ఉలవచారుది వేరే దారి. పశువుల కోసం ఉడికించిన ఉలవల నీటిని వంచి, గంటల తరబడి సన్నని సెగ మీద చిక్కబరిచే ఆ చారు పొంగడం కంటే అడుగంటడంలో ముందుండేది, కలిపే చేయి కాసేపు ఆగితే మాడు వాసన గుండిగంతా వ్యాపించేది.

ఈ అవస్థలన్నీ నలుగురి ముందూ బయటపడే చోటు పెళ్లి పందిరి. ముహూర్తాల కాలానికి ముందే గుండిగలకు, గంగాళాలకు కళాయి వేయించడం పెళ్లి పనుల్లో ఒకటిగా ఉండేది. అది మరిచిన ఇంట చారు గురించి బంధువులు ఏళ్ల తరబడి చెప్పుకునేవారు. వడ్డనలోనూ చిక్కే. అన్నం మధ్యలో గుంట చేసి, చుట్టూ గట్టు కట్టి సిద్ధంగా ఉండకపోతే విస్తట్లో పోసిన చారు అంచు దాటి పక్కవారి పంచె వైపు పరుగు తీసేది. చారు వస్తోందని వడ్డించేవారు ముందుగా కేక వేయడం ఇందుకే ఉపయోగపడింది.

20వ శతాబ్దం ఈ ఏర్పాటును కదిపింది. 1898లో మద్రాసులోని ఆర్ట్స్ పాఠశాలలో ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ అల్యూమినియం పాత్రల తయారీ మొదలుపెట్టడంతో, నాడు మద్రాసు రాజధానిలో భాగమైన తెలుగు జిల్లాలకు కూడా ఆ లోహం క్రమంగా చేరింది. అది తేలికైనదీ, కళాయి అవసరం లేనిదీ. అయితే చింతపండు దానిని కూడా వదలక గుంటలు పెట్టి నల్లబరిచింది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తయారుచేసిన తుప్పు పట్టని ఉక్కుతోనే పులుపు తగాదా తీరింది. పాత చీరలకు స్టీలు గిన్నెలు ఇచ్చే వ్యాపారులు వీధుల్లోకి వచ్చిన దశాబ్దాలలో ఇత్తడి గుండిగలు తూకానికి అమ్ముడుపోయాయి, కొలిమి గుంట పూడిపోయింది. స్టీలుకూ ఒక లోపం ఉంది. అది వేడిని సమంగా పంచదు కనుక పలుచని అడుగున్న గిన్నెలో పప్పుచారు సులువుగా మాడుతుంది. ఆ తరువాత ప్రెషర్ కుక్కర్ వచ్చింది. దాని మూలపురుషుడు డెనిస్ పాపిన్ 1679లో లండన్‌లోని రాయల్ సొసైటీకి చూపిన పాత్ర ఎముకలను ఉడికించి సారం తీయడానికి చేసినదే. ఆవిరి ఒత్తిడికి పాత్ర పగలకుండా ఆయన అమర్చిన రక్షక కవాటానికి వారసురాలే నేటి కుక్కర్ మీద ఈల వేసే బరువు. పప్పు మరీ నిండుగా పోస్తే ఆ ఈలతో పాటు పసుపు నీళ్లు కూడా గోడ ఎక్కుతాయి.

ఇప్పుడు ఇత్తడి, తగరపు గిన్నెలు మళ్లీ కొత్తగా అమ్మకానికి వస్తున్నాయి, కాని వాటితో పాటు రావలసిన ఇంటి కట్టడి రావడం లేదు. కళాయి లేని ఇత్తడిలో చారు కాచేవారు, ఖాళీ తగరపు గిన్నెను గ్యాసు మంట మీద పెట్టేవారు పాత తప్పులనే మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. చారు కోసం అటువంటి గిన్నె కొనదలచినవారు సీసం కలవని తగరమేనా అని ముందు అడిగి తెలుసుకోవాలి, ఊరిలో మిగిలిన కళాయి పనివాడిని వెతికి పట్టుకోవాలి, ఆయన అడిగిన కూలి బేరం లేకుండా ఇవ్వాలి.