సర్కారు కొలువు, సర్వీసు లెక్క

ప్రభుత్వ జీతాల చరిత్ర మీద ఏ వ్యాసం తిరగేసినా దాదాపు ఒకటే కథ. స్వాతంత్ర్యం వచ్చాక సామ్యవాద మోజులో పై అధికారుల జీతాలు అణిచేశారు. 1991 తర్వాత ప్రైవేటు జీతాలు ఎక్కడికో వెళ్లిపోయాయి. సమర్థులంతా అటు నడిచారు. జీతాలు పెంచితే తిరిగొస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. అంకెలు ముందు పెట్టుకుంటే మాత్రం అతకదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉంటూనే సొంత వర్తకం చేసుకునే దొరలకు కారన్‌వాలిస్ అడ్డుకట్ట వేశాడు. కలెక్టరుకు నెలకు 1500 రూపాయలు, వసూళ్ల మీద కమిషన్ ఇచ్చి, బదులుగా వ్యాపారం మానిపించాడు. 1912లో వేసిన ఇస్లింగ్టన్ కమిషన్, తగిన మనుషులు దొరకడానికీ నిలవడానికీ ఎంత కావాలో అంతే ఇమ్మంది. 1931లో కరాచీ కాంగ్రెస్ సాధారణంగా 500 రూపాయలు మించకూడదని తీర్మానించింది. 1947లో వరదాచారి నాయకత్వంలోని మొదటి పే కమిషన్ కనిష్ఠం 55, కొద్దిమంది మినహా గరిష్ఠం 2000 అని తేల్చింది. అంటే 36 రెట్లు. కరాచీ తీర్మానం అప్పటికే కాగితం మీద మిగిలిపోయింది. పాత ఐ.సి.ఎస్. అధికారుల హక్కులకైతే రాజ్యాంగమే 314వ అధికరణంతో కాపుకాసింది. 1972లో గానీ ఆ రక్షణ పోలేదు. సామ్యవాదం పై జీతాల మీద ఒక్కసారిగా విరుచుకుపడిందన్న మాటకు ఇక్కడే మొదటి చిక్కు.

తేడా తగ్గిన మాట నిజమే. 1973లో మూడో కమిషన్ తర్వాత బంట్రోతుకు 196, కార్యదర్శికి 3500: సుమారు 18 రెట్లు. 1986లో 750, 8000: 11 రెట్లకు లోపే. కానీ ఈ పని చేసింది కమిషన్లకంటే ఎక్కువగా ధరలే. కమిషన్‌కూ కమిషన్‌కూ మధ్య పది పదమూడేళ్లు గడిచేవి. ఆ మధ్యకాలంలో కరువు భత్యం కింది వాళ్లకు నిండుగా, పై వాళ్లకు కోతతో అందేది. నాలుగో కమిషన్ లెక్కలోనూ 3500 దాకా జీతమున్నవాళ్లకు ధరల పెరుగుదలకు పూర్తి భర్తీ, 6000 దాటితే 65 శాతమే. అయిదో కమిషన్ అందరికీ పూర్తి భర్తీ ఇచ్చాక ఆ కోత ఆగింది. ఏడో కమిషన్ నాటికి 18,000, 2,25,000: పన్నెండున్నర రెట్లు. అంటే 1986 తర్వాత తేడా ఇక పెద్దగా తగ్గనేలేదు.

ఇక అణచివేత గట్టిగా సాగిన కాలంలో ప్రైవేటు కంపెనీలు ఏమన్నా స్వర్గమా? 1973–74లో ఆదాయపు పన్ను పై శ్లాబు సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. కంపెనీ డైరెక్టర్ల జీతాలకు 1956 కంపెనీల చట్టం కింద ప్రభుత్వ పట్టు ఉండేది. జీతం కోసం గోడ దూకినా చేతికి మిగిలేది అంతంతే.

మరి జనాన్ని కదలనివ్వనిది ఏది? నా దృష్టిలో పెన్షన్ నిబంధన. 1972 పెన్షన్ నియమాల్లో 26వది చదివితే చాలు: రాజీనామా చేస్తే గడిచిన సర్వీసంతా రద్దు. 2004కు ముందు చేరి పన్నెండేళ్లు పనిచేసిన ఒక సెక్షన్ అసిస్టెంట్ ప్రైవేటు కంపెనీకి వెళ్దామనుకున్నాడనుకుందాం. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, నిల్వ ఉన్న సెలవులో సగానికే డబ్బు, అదీ 150 రోజులు మించకుండా. అనుమతి తీసుకుని మరో సర్కారు కొలువుకు వెళ్తే మాత్రం సర్వీసు రిజిస్టరు వెంట వస్తుంది. లోపలికి వచ్చేటప్పుడూ అంతే: ప్రభుత్వ రంగ సంస్థ నుంచి వస్తే పాత జీతానికి రక్షణ ఉంది, ప్రైవేటు నుంచి వస్తే స్కేలు అడుగు నుంచి మొదలు. ఇరవయ్యేళ్లు నిండాక స్వచ్ఛంద విరమణ ఉంది కదా అంటారు. ఉంది, కానీ అప్పటికి మనిషి నలభై దాటుతాడు, పిల్లల చదువులు నెత్తి మీద ఉంటాయి.

బయటివాళ్లను తెచ్చే ప్రయత్నమూ జరిగింది. ప్రభుత్వ రంగ సంస్థల కోసం 1957లో తలపెట్టిన పారిశ్రామిక నిర్వాహకుల పూల్ కథ చెప్పేవాళ్లు దాన్ని ఐ.ఏ.ఎస్. వర్గమే చంపేసిందంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు, పూర్తిగా కాదు. 1959లో ప్రైవేటు రంగం నుంచి కూడా ఏరి 131 మందిని తీసుకున్నారు. రెండో జట్టును మళ్లీ తీసుకోలేదు. ఈలోగా ప్రభుత్వ రంగ సంస్థలు తమ నిర్వాహకులను తామే తయారుచేసుకోసాగాయి. చెప్పుకోదగ్గ రాకపోకలు ఎక్కడ జరిగాయో చూడండి. హిందుస్థాన్ లీవర్ అధిపతి ప్రకాశ్ టండన్ 1968లో స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్‌కు వచ్చారు. ఆర్.వి. షాహి ఎన్.టి.పి.సి. నుంచి ప్రైవేటు బి.ఎస్.ఇ.ఎస్.కు, అక్కడి నుంచి 2002లో విద్యుత్ కార్యదర్శి పదవికి చేరారు. ఈ సంస్థల్లో ఎక్కువ చోట్ల ప్రావిడెంట్ ఫండే ఆధారం. మనిషి కదిలితే డబ్బు పోదు. ఇద్దరి ఉదాహరణతో సిద్ధాంతం నిలబడదని తెలుసు, కానీ పొంతన మాత్రం కొట్టిపారేయలేం.

2004 జనవరి 1 నుంచి చేరినవాళ్లకు జాతీయ పెన్షన్ పథకం వచ్చింది. దాన్ని ఉద్యోగులు తిట్టుకోవడంలో న్యాయం ఉంది, భరోసా పోయింది. అయితే సర్కారు కొలువులో ఖాతా మనిషితో కదిలే వీలు మొదటిసారి దానితోనే వచ్చింది. 2024 ఆగస్టు 24న కేంద్రం ఆమోదించిన ఏకీకృత పెన్షన్ పథకం భరోసాతోపాటు పాత ముడినీ తెచ్చింది: సగం జీతం పెన్షన్‌గా రావాలంటే 25 ఏళ్లు ఉండాలి, రాజీనామా చేస్తే ఆ హామీ లేదు. అంతకు నాలుగు రోజుల ముందే, బయటివాళ్లను నేరుగా తీసుకుందామని ఇచ్చిన 45 పోస్టుల ప్రకటనను ఉపసంహరించుకున్నారు. రిజర్వేషన్ లేదన్న అభ్యంతరం సరైనదే. 2018లో పది సంయుక్త కార్యదర్శి పోస్టులకు 6,077 మంది దరఖాస్తు చేసి తొమ్మిదిమంది ఎంపికైనప్పుడూ అది లేదు. ఒకే వారంలో పై అంతస్తు తలుపు మూశారు, కింది అంతస్తుల తలుపుకు గొళ్లెం బిగించారు. ఈ రెంటినీ కలిపి చర్చించినవాళ్లు తక్కువ.

ఈలోగా అసలైన మార్పిడి మరోచోట జరిగింది. ఏడో కమిషన్ కోసం ఐ.ఐ.ఎం. అహ్మదాబాద్ చేసిన అధ్యయనంలో సర్కారు సహాయకుడికి 22,579 రూపాయలు, ప్రైవేటులో అదే పనికి 8,000 నుంచి 9,500 అని తేలింది. దీన్ని చూపి కింది జీతాలు ఎక్కువన్నారు. అంతకుముందే ఆరో కమిషన్ సిఫారసుతో అట్టడుగు శ్రేణి గ్రూప్-డి అన్నదే పోయింది. ఊడ్చే పని, కాపలా పని చాలా చోట్ల కాంట్రాక్టరు చేతికి వెళ్లాయి. మనిషి రాజీనామా చేయలేదు, పోస్టే రంగం మారింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం ప్రత్యేక కార్పొరేషనే పెట్టి దళారులను తప్పించింది. మంచిదే, కానీ వాళ్లను రెగ్యులర్ స్కేళ్లలోకి తేలేదు.

ఇప్పుడు జస్టిస్ రంజనా దేశాయ్ నాయకత్వంలోని ఎనిమిదో కమిషన్‌ను ప్రైవేటు రంగం జీతాలు కూడా చూడమన్నారు. ఏ ప్రైవేటు? సచివాలయం మెట్లు తుడిచే కాంట్రాక్టు మనిషికి ఎంత ఇవ్వాలో టెండరులో నిర్ణయించింది ప్రభుత్వమే. ఆ మొత్తాన్నే బజారు ధరగా కమిషన్ ముందు పెడితే, సర్కారు తన జీతాన్ని తానే తగ్గించి చూపుకున్నట్టు అవుతుంది.