ప్రపంచ ఘటనలు, కొల్లేటి బడులు: మండవల్లి పరిసరాల హైస్కూలు తరాల చరిత్రకు ఒక ప్రతిపాదన

ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం ఏర్పడదని, ఎదిగే వయసులో ఒకే చారిత్రక కుదుపుకు లోనైనవాళ్లే తరమవుతారని కార్ల్ మన్‌హైమ్ 1928లో వాదించాడు. పదిహేడేళ్ల ఈడు చుట్టూ పడిన ముద్రలు చివరిదాకా నిలుస్తాయని ఆయన అభిప్రాయం. హోవర్డ్ షూమన్, జాక్వెలిన్ స్కాట్ 1985లో 1,400 మందికి పైగా అమెరికన్లను, గత యాభై ఏళ్లలో ముఖ్యమైన ఘటనలేవని అడిగారు. ఎక్కువమంది తమ కౌమారంలోనో, తొలి యవ్వనంలోనో జరిగినవాటినే చెప్పారు. 1989లో అచ్చయిన ఆ పరిశోధన తర్వాత తరాల అధ్యయనం ఒక బాట పట్టింది. పెద్ద ఘటనల తేదీలు ఒక పక్క, ఆ తేదీనాటికి మనిషి వయసు ఇంకో పక్క పెట్టి చూడటం పరిపాటి అయింది.

కొల్లేటి ఒడ్డున ఈ లెక్క కుదరదన్నది ఈ వ్యాసం వాదన. ఇక్కడి ఒక తరం హైస్కూలు చదువును అన్నిటికన్నా బలంగా తాకిన ప్రపంచ ఘటన, వాళ్లు పుట్టడానికి ఇరవై ఏళ్ల ముందు ఇరాన్‌లో జరిగింది. కాబట్టి ఇక్కడ ఘటన పుట్టిన తేదీతో పాటు, అది ఊళ్లోకి వచ్చిన తేదీనీ లెక్కలోకి తీసుకోవాలి. రెండో తేదీయే తరాన్ని తయారుచేస్తుంది.

మండవల్లిని ఎంచుకోవడానికి కారణముంది. గుడివాడ నుంచి కైకలూరు మీదుగా భీమవరం వెళ్లే రైలు మార్గంలో, రోడ్డు మార్గంలో ఉన్న ఊరు ఇది. మండలంలో ఒక భాగం డెల్టా వరి పొలాలు, మరో భాగం కొల్లేటి లంకలు. పెనుమాకలంక, నందిగామలంక, ఇంగిళిపాకలంక, కొవ్వాడలంక వంటి ఊళ్లకు రోడ్డు ఉంటుందా ఉండదా అన్నది వర్షాకాలంలో నీరు తేలుస్తుంది. ఈ మండలం 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండి, ఆ రోజు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. రైలు కూత వినబడే చోట, దోనె లేకపోతే గడవని చోట ఉన్న పిల్లలు ఒకే మండలంలో చదువుకుంటారు. ప్రపంచం ఎవరిని ఎంత తొందరగా చేరుతుందో చూడటానికి ఇంతకంటే తగిన చోటు నాకు తోచలేదు.

ముఖ్యంగా చూడాల్సింది 2006లో పదో తరగతి పరీక్ష రాసిన బ్యాచ్. వీళ్లు 1990-91 ప్రాంతంలో పుట్టి, 2001 జూన్‌లో ఆరో తరగతిలో చేరారు. మూడు నెలలు తిరక్కుండానే న్యూయార్క్ జంట భవనాలు కూలాయి. మొదటి విమానం ఢీకొన్నప్పుడు మనకు సాయంత్రం ఆరుంపావు. బడి వదిలేశారు, దీపాలు పెట్టే వేళ. ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానెళ్లు అప్పటికి పుట్టనే లేదు. టీవీ ఉన్న ఇంట్లో వార్తల సమయానికి కనిపించిన దృశ్యం, మర్నాడు పత్రిక మొదటి పేజీ, ఆపైన ప్రార్థన సమయంలో వార్తలు చదివే విద్యార్థి గొంతు: ఈ క్రమంలో ఆ ఘటన పిల్లలను చేరింది. 2003 మార్చిలో ఏడో తరగతి చివర్లో ఉండగా ఇరాక్ యుద్ధం మొదలైంది. అదే నెల 23న ప్రపంచ కప్ ఫైనల్లో భారత్ ఓడింది. రెండిట్లో పిల్లలకు ఏది పెద్ద వార్తో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

2004 డిసెంబర్ 26 నాటికి తొమ్మిదో తరగతి. అది ఆదివారం, పౌర్ణమి. మంగినపూడి బీచ్‌లో స్నానాలకు దిగినవాళ్లను సునామీ లాక్కుపోయింది. రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు. ఈటీవీ2, టీవీ9 అప్పటికి ఏడాది అటూఇటూగా మొదలై ఉన్నాయి కాబట్టి, జరుగుతుండగానే తెలుగులో చూసిన తొలి మహా విపత్తు ఈ తరానికి ఇదే. 1977 దివిసీమ ఉప్పెనను తల్లిదండ్రుల నోట విన్న పిల్లలు ఇప్పుడు సముద్రాన్ని తెర మీద చూశారు. ఆ భయం నిజమైనది. అయినా వారం తిరిగేసరికి మండవల్లి బడిలో హాజరు మామూలే. నాకు తెలిసినంతలో ఏ ఇంటి ఆదాయమూ ఆగలేదు, ఏ పిల్లవాడూ చదువు మానలేదు. తేదీలు, వయసుల పట్టికలో ముందు వరుసలో నిలిచే ఘటనలు ఈ ఊళ్ల జీవితాన్ని పక్క నుంచి దాటిపోయాయి.

దాటిపోనిది వేరే ఉంది. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లో కాస్పియన్ తీరాన రామ్‌సర్ పట్టణంలో కొన్ని దేశాలు చిత్తడి నేలల రక్షణకు ఒప్పందం చేసుకున్నాయి. 1982లో భారత్ చేరింది. 1999 అక్టోబర్ 4న రాష్ట్ర ప్రభుత్వం జీవో 120తో, సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపలి కొల్లేటిని, 308 చదరపు కిలోమీటర్ల మేర, వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002 ఆగస్టు 19న అష్టముడి, భోజ్ వంటి సరస్సులతో పాటు కొల్లేరు 90,100 హెక్టార్లతో రామ్‌సర్ జాబితాకెక్కింది. మన బ్యాచ్ అప్పుడు ఏడో తరగతి. ప్రపంచం తమ ఊరి నీళ్లను పేరు పెట్టి గుర్తించిన రోజది. అయినా ఆ రోజు లంకల్లో ఎవరి దినచర్యా మారలేదు.

ఎందుకు మారలేదో తెలియాలంటే అప్పటి కొల్లేటిని దగ్గరగా చూడాలి. 1970లలో జలగం వెంగళరావు ప్రభుత్వం లంకల వాళ్లకు సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకు దారి తెరిచింది. 1980లు, 90లలో డబ్బున్నవాళ్లు బయటి నుంచి వచ్చారు. సంఘాల చెరువులు లీజుకు వెళ్లాయి, వాటి పక్కన అనుమతి లేని గట్లు లేచాయి. బొచ్చె, శీలావతి పెంచడం పెద్ద వ్యాపారమైంది. తవుడు, చెక్క కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు వరసగా కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లులకు మూతులు పెట్టి తింటాయి. తెల్లవారకముందే పడవ మీద తిరుగుతూ సంచులు మార్చే పని చాలా ఇళ్లలో బడికి పోయే కుర్రాళ్లదే. పట్టుబడి రోజున వల లాగితే కూలి, ట్రేల్లో ఐసు కొట్టి సర్దితే కూలి. సరుకు లారీల మీద హౌరాకు, అస్సాంకు పోయేది. లీజు డబ్బులో ఊరి కట్టుబాటు ప్రకారం ఇళ్లకు వాటా వచ్చేది. పుస్తకాలు, ట్యూషన్ ఫీజు, పట్నంలో ఇంటర్ హాస్టల్ ఖర్చు ఆ వాటాలోంచే వెళ్లేవి. కూలీ ఇంటి పిల్ల కాలేజీ దాకా వెళ్లగలగడం వెనక ఈ డబ్బుంది. అందులో న్యాయముందా, నీటికి మేలుందా అన్నది వేరే ప్రశ్న. ఆ గట్లు ప్రవాహానికి అడ్డుపడ్డాయి. ఎగువ వరదల్లో ఊళ్లు మునిగాయి, గూడబాతులకు చోటు తగ్గింది. అది కాదనలేం.

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ ఆదేశాలతో 2006 మొదట్లో అభయారణ్యంలోని చెరువుల గట్లు తొలగించే కొల్లేటి ఆపరేషన్ మొదలైంది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా పొక్లెయిన్లు వరసగా గట్లు తెంచాయి. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఈ రెండు క్యాలెండర్లను పక్కపక్కన పెట్టి ఎవరూ చదవకపోవడం నాకు ఆశ్చర్యమే కాదు, బాధ కూడా. పర్యావరణం మీద రాసినవాళ్లు ఎకరాలు లెక్కపెట్టారు, పక్షుల మీద రాసినవాళ్లు గూళ్లు లెక్కపెట్టారు. ఆ నెలల్లో రివిజన్ చేస్తున్న పిల్లలను ఎవరూ లెక్కపెట్టలేదు. అదును రాని చేపను ముందే పట్టి తక్కువ ధరకు తోలాల్సి వచ్చింది. గట్టు తెగిన చోట పిల్ల చేపలు నీటితో పాటే పోయాయి. లీజు ఆగింది, కూలి ఆగింది. జూన్‌లో ఫలితాల పత్రం చేతికొచ్చేసరికి, ఇంటర్‌లో చేర్చాల్సిన ఇంట్లో పైసా లేదు. పనికి వలస పోయిన కుటుంబాలున్నాయి. రామ్‌సర్‌లో సంతకాలైన ముప్పై అయిదేళ్లకు ఒప్పందం లంకను చేరింది, అదీ పరీక్షల కాలంలో.

ఒప్పందాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దాని మూడో అధికరణం చిత్తడి నేలలను వివేకంతో వాడుకోవడం గురించి మాట్లాడుతుంది. 1999 మేలో కోస్టారికా రాజధాని సాన్ హోసేలో జరిగిన సభ్యదేశాల సమావేశం, స్థానికులను నిర్వహణలో భాగస్వాములను చేయాలని ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఆమోదించింది. జీవో 120 వచ్చింది ఆ తర్వాత అయిదు నెలలకే. ఆ మార్గదర్శకాల స్ఫూర్తి 2006లో కొల్లేటికి చేరి ఉంటే, గట్లు తెంచే వారాలైనా పరీక్షల నుంచి జరిగేవి. పునరావాసం మాట పొక్లెయిన్ కంటే ముందు వినబడేది. తర్వాతి చరిత్ర అందరికీ తెలిసిందే. అయిదడుగుల గీతను మూడడుగులకు తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. ఆ ప్రతిపాదనను పరిశీలించిన అజీజ్ కమిటీ 2011లో ఒప్పుకోలేదు. ఆ గీత వివాదం ఇప్పటికీ లంకల ఎన్నికలను నడిపిస్తోంది. మన బ్యాచ్ ఓటు హక్కు పొందిన నాటి నుంచీ అదే చర్చ మధ్య బతుకుతోంది. ఒక ఘటన తరాన్ని మలచిందనడానికి ఇంతకంటే గట్టి ఆధారం ఏముంటుంది?

కొత్త బ్యాచ్‌ల దగ్గరికొస్తే, కొవిడ్ విషయంలో ఘటనకూ రాకకూ మధ్య ఎడం లేనట్టే కనిపిస్తుంది. 2020 మార్చి నెలాఖరుకు జరగాల్సిన పదో తరగతి పరీక్షలు జులైకి వాయిదా పడి, జూన్‌లో రద్దయ్యాయి. 2021లోనూ పరీక్షలు లేవు. సప్తగిరి ఛానెల్లో పాఠాలు వచ్చాయి. సెల్లు ఉన్న ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు, సిగ్నల్ దొరికితే. లాక్‌డౌన్ మొదట్లో చేపల లారీలు నిలిచిపోయాయి, ఏప్రిల్ 10న కేంద్రం మత్స్య రంగానికి సడలింపు ఇచ్చింది. ఆ డిసెంబర్‌లో ఏలూరులో ఉన్నట్టుండి వందల మంది మూర్ఛతో పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనబడ్డాయన్న వార్తతో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు ఈ ప్రాంతపు పిల్లలకు రెండోసారి దగ్గరైంది.

కానీ లెక్కల్లోకి దిగితే ఇక్కడా ఎడం ఉంది. పదో తరగతి ఉత్తీర్ణత రాష్ట్రంలో 2019లో 94.88 శాతం. పరీక్షలు మళ్లీ పెట్టిన 2022లో అది 67.26 శాతానికి పడిపోయింది. పేపర్లు పదకొండు నుంచి ఏడుకు తగ్గించినా అంతే. 2022లో తప్పినవాళ్లు బడులు మూతపడ్డప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్నారు. పరీక్ష రద్దయిన 2020 బ్యాచ్‌కు అందరూ పాసన్న పేరొచ్చింది. వైరస్ తెచ్చిన అసలు నష్టం రెండేళ్ల తర్వాతి బ్యాచ్ మార్కుల్లో తేలింది. ఆ బ్యాచ్‌ను కొవిడ్ బ్యాచ్ అని ఎవరూ పిలవలేదు. తప్పింది తమ చేతగానితనం వల్లేనని ఆ పిల్లల్లో చాలామంది నమ్మి ఉంటారేమోనన్న ఆలోచన నన్ను వదలడం లేదు.

ఇప్పుడు బడిలో ఉన్నవాళ్ల సంగతి ఇంకా నడుస్తున్న కథ. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ నీరు రోజుల తేడాతో కొల్లేటికి దిగింది. పెదఎడ్లగాడి దగ్గర కొల్లేటి నీటిమట్టం ఎంతన్నది జిల్లా వార్త అయింది, మండవల్లి మండలంలోని లంకలకు రాకపోకలు తెగాయి. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకులో చాలా భాగం మీద 50 శాతం సుంకం అమల్లోకి తెచ్చింది. ఒడ్డు మండలాల్లో వనామీ రొయ్య వేసిన ఇంటి పిల్లలు వంద కౌంట్ రొయ్య రేటు ఎంత పడిందో బడికి వచ్చే దారిలో చెప్పుకోగలరు. సరుకు కొనేవాళ్లు వెనక్కి తగ్గితే దాని ఫలం ఆ ఏడాది ఫీజులో కనిపిస్తుందా, మూడేళ్ల తర్వాత ఇంటర్ మానేసినవాళ్ల సంఖ్యలో కనిపిస్తుందా అన్నది ఇప్పుడే చెప్పలేం. చూడాల్సింది రెండో చోట.

దీన్ని రుజువు చేసే ఆధారాలు బడుల్లోనే ఉన్నాయి. అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి వృత్తి రాసే గడి ఉంటుంది, బడి వదిలిన తేదీ, కారణం ఉంటాయి. హాజరు పట్టీలో 2006 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నెలవారీ మొత్తాలు ఉంటాయి. లంక ఊళ్ల పిల్లలనూ, మెరక ఊళ్ల పిల్లలనూ విడదీసి ఈ మూడు నెలలను ముందు సంవత్సరంతో పోల్చాలి. ఆ జూన్, జులైల్లో ఇచ్చిన టీసీలు ఏ ఊళ్లకు వెళ్లాయో చూడాలి. లంకలు ఎప్పుడైనా మునుగుతాయి కాబట్టి ముందు ఆ పుస్తకాలను ఫొటోలు తీయాలి. ఆ తర్వాత మనుషుల దగ్గరికి వెళ్లాలి. 2006 బ్యాచ్‌లో తొందరగా పెళ్లయినవాళ్ల పిల్లలు ఇప్పుడు హైస్కూలు ఈడుకు వచ్చారు. షూమన్, స్కాట్ అడిగిన ప్రశ్ననే తల్లిదండ్రులకూ పిల్లలకూ విడివిడిగా వేసి, దానికి ఇంకొకటి జతచేయాలి: ఆ ఘటన మీ ఇంటికి ఏ నెలలో వచ్చింది, ఆ నెలలో మీరు ఏ తరగతి చదువుతున్నారు?