ఒకటో తరగతి పంతులు ఎంత చదవాలి? పల్నాడు చెప్పే చరిత్ర

1. ప్రస్తావన

మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుల పేర్ల పక్కన ఏం రాసి ఉంటుందో గమనించారా? ఎక్కువ పేర్ల పక్కన ‘ఎస్జీటీ’ అని కనిపిస్తుంది. అంటే సెకండరీ గ్రేడ్ టీచర్. ఐదేళ్ల పిల్లవాడికి అక్షరాలు దిద్దించే ఉపాధ్యాయుడికి ‘సెకండరీ’ అనే పేరు ఎందుకు వచ్చింది? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కానీ దీనికి జవాబు తెలిస్తే, మీలో ఉపాధ్యాయ వృత్తిలోకి వెళ్లాలనుకునే వారికి ఇప్పుడు ఎదురవుతున్న పెద్ద ప్రశ్న కూడా అర్థమవుతుంది. చిన్న పిల్లలకు చదువు చెప్పడానికి ఎంత చదువు కావాలి? ఎలాంటి చదువు కావాలి? ఈ భాగంలో పల్నాటి ఉదాహరణలతో ఆ చరిత్రను పరిశీలిద్దాం.

2. వీధి బడి, మన్రో లెక్క

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో నేటి పల్నాడు జిల్లా ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అప్పటి వీధి బడిలో పిల్లలు ఇసుకలో వేలితో గుంట ఓనమాలు దిద్దేవారు. ముందు నేర్చుకున్న పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పేవారు. మద్రాసులో ఈ పద్ధతిని చూసిన ఆండ్రూ బెల్ దాన్ని ఇంగ్లండుకు తీసుకువెళ్లాడు. అక్కడ అది ‘మద్రాసు పద్ధతి’గా పేరు పొందింది. అయితే ఇక్కడి పంతులుకు మాత్రం ప్రత్యేక శిక్షణ అంటూ ఏదీ లేదు.

1822లో గవర్నర్ థామస్ మన్రో బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1826 నాటికి తేలిన లెక్క ప్రకారం ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు, వాటిలో 1,88,650 మంది విద్యార్థులు ఉన్నారు. ఈ లెక్క కంటే మన్రో చెప్పిన కారణం మనకు ముఖ్యం. పంతులు సంపాదన నెలకు ఆరేడు రూపాయలు దాటడం అరుదని, అంత తక్కువ రాబడికి తగిన అర్హత ఉన్నవారు ఈ వృత్తిలోకి రారని ఆయన గుర్తించాడు. అందుకే మద్రాసులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలనీ, జిల్లాస్థాయి బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తహసీల్దారీ బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలనీ ప్రతిపాదించాడు. 1827లో మన్రో మరణించాడు. ఆ బడులను 1836లో ఎత్తివేశారు. అయినా శిక్షణ, జీతం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయన్న ఆయన గమనింపు ఈనాటికీ నిలిచే ఉంది.

3. మిషన్ బడి, మూడు రూపాయల జీతం

1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్, 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాటి పల్లెల్లో పని మొదలుపెట్టాడు. అంటరానివారుగా ముద్రపడిన కులాల పిల్లలకు వీధి బడి తలుపు చాలాచోట్ల మూసే ఉండేది. వారికి అక్షరం అందించిన వాటిలో మిషన్ బడులు ముఖ్యమైనవి. వాటికి ఉపాధ్యాయులు కావలసి వచ్చింది. అక్కడే చదువుకున్న వారిలో కొందరికి శిక్షణ ఇచ్చి తిరిగి పల్లెలకు పంపేవారు. పగలు పాఠం చెప్పే మనిషే ప్రార్థన కూడా నడిపించేవాడు.

ఈ వ్యవస్థ లోపలి జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మనకు ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా, మహాకవిగా పేరు పొందకముందు, మిషన్ బడి పంతులు. ఆయన తొలి జీతం నెలకు మూడు రూపాయలు. మన్రో ‘చాలదు’ అన్న ఆరేడు రూపాయలతో దీన్ని పోల్చి చూడండి. ఎనభై ఏళ్లు దాటినా, పల్లెలో చిన్న పిల్లలకు చెప్పే పనికి దక్కిన విలువ అంతే. ఆ తరువాత జాషువా గుంటూరులో లూథరన్ సంస్థ నడిపిన ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేళ్లు పనిచేశారు. అంటే పంతుళ్లను తయారుచేసే పంతులయ్యారు.

4. గ్రేడుల నిచ్చెన

1854 నాటి వుడ్ నివేదిక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలు కావాలని స్పష్టంగా చెప్పింది. వాటిని నార్మల్ స్కూళ్లు అనేవారు. 1856లో మద్రాసులో ప్రారంభమైన నార్మల్ స్కూలే తరువాత సైదాపేట టీచర్స్ కాలేజీగా ఎదిగింది. క్రమంగా ఒక నిచ్చెన తయారైంది. ఎనిమిదో తరగతితో ఇ.ఎస్.ఎల్.సి. పాసై శిక్షణ పొందినవారు ఎలిమెంటరీ గ్రేడ్. ఎస్.ఎస్.ఎల్.సి. పాసై శిక్షణ పొందినవారు సెకండరీ గ్రేడ్. డిగ్రీ తరువాత సైదాపేటలోనో రాజమండ్రిలోనో ఎల్.టి. చేసినవారు హైస్కూలుకు వెళ్లేవారు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ‘సెకండరీ’ అన్నది పిల్లల తరగతి పేరు కాదు, ఉపాధ్యాయుడు తాను చదివి ఆగిన మెట్టు పేరు. ఆయన ఎంతవరకు చదివాడన్న దాన్ని బట్టి గ్రేడు, గ్రేడును బట్టి జీతం. ఎవరికి చదువు చెబుతున్నాడు, ఆ పని ఎంత కష్టమైనది అన్నవి ఆ కొలతలో లేవు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనమే అంటాం. ఆ మొక్కను పెంచే మనిషికి మాత్రం అన్నిటికన్నా తక్కువ చదువు, తక్కువ జీతం చాలనుకున్నాం.

5. స్వాతంత్ర్యం తరువాత

ఎలిమెంటరీ గ్రేడు కాలక్రమంలో కనుమరుగైంది, సెకండరీ గ్రేడు మిగిలింది. శిక్షణలో చేరడానికి అర్హత ఇంటర్మీడియట్‌కు పెరిగింది. కోర్సు పేరు టీటీసీ నుంచి డీఎడ్‌గా, చివరకు డీఈఎల్‌ఈడీగా మారింది. 1986 జాతీయ విద్యావిధానం ప్రతి జిల్లాకూ ఒక శిక్షణ సంస్థ ఉండాలన్నది. అవే ‘డైట్’లు. ఉమ్మడి గుంటూరు జిల్లా డైట్ యడ్లపాడు మండలం బోయపాలెంలో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఆ ఊరు ఈ జిల్లాలోకి వచ్చింది.

శిక్షణ మెరుగుపడినా చౌక ఆలోచన పోలేదు. 1980లలో నెలకు 398 రూపాయల భృతిపై నియమితులైన స్పెషల్ టీచర్లను జనం ‘398 టీచర్లు’ అని పిలిచేవారు. మూడు రూపాయల కథే మరో అంకెతో మళ్లీ వచ్చింది.

6. డిగ్రీయా, డిప్లొమానా?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అదే ఏడాది జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి ఒకటి నుంచి ఐదు తరగతులకు ఇంటర్, రెండేళ్ల డిప్లొమా, టెట్ ఉత్తీర్ణతను ముఖ్య అర్హతలుగా నిర్ణయించింది. 2018లో బీఎడ్ వారు కూడా ఈ తరగతులకు అర్హులేనని, నియామకం తరువాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలని ప్రకటించింది. పెద్ద డిగ్రీ ఉన్నవారు చిన్న తరగతులకు చెప్పలేరా అన్న పాత నిచ్చెన తర్కమే ఇది.

2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ ప్రకటన చెల్లదన్న తీర్పును సమర్థించింది. బీఎడ్ శిక్షణ పై తరగతుల కోసం రూపొందింది, చిన్న పిల్లలకు బోధించే నైపుణ్యం వేరు, నాణ్యమైన ప్రాథమిక విద్య పిల్లల హక్కు అన్నది తీర్పు సారం. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ డీఎస్సీలో ఎస్జీటీ పోస్టులకు బీఎడ్ వారిని అనుమతించడంపై హైకోర్టు స్టే ఇచ్చింది. బీఎడ్ చేసి ఆశపెట్టుకున్న ఎందరికో ఇది దెబ్బే. వారి బాధ నిజమైనది. కానీ పిల్లవాడి వైపు నుంచి చూస్తే ప్రశ్న మారుతుంది. ఒత్తులు పలకలేని పిల్లవాడికి, చేతివేళ్లు దాటి లెక్కపెట్టలేని పిల్లవాడికి ఎలా నేర్పాలో తెలియడం ఒక ప్రత్యేక విద్య.

అలాగని ఈ తీర్పు డిగ్రీ అక్కరలేదని చెప్పినట్టు కాదు. ఫిన్లాండ్‌లో 1970ల చివరి నుంచే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో ప్రాథమిక బోధన కోసమే నాలుగేళ్ల బీఈఎల్‌ఈడీ డిగ్రీని ప్రారంభించింది. 2020 జాతీయ విద్యావిధానం 2030 నాటికి నాలుగేళ్ల సమీకృత బీఎడ్‌ను కనీస అర్హతగా చేయాలంటోంది. అందులో పునాది దశకు, ఆ తరువాతి దశలకు వేర్వేరు శిక్షణ ఉంటుంది. అంటే చిన్న పిల్లల బోధనకు డిగ్రీ కావాలి, కానీ ఆ డిగ్రీ చిన్న పిల్లల కోసమే రూపొందాలి.

7. సారాంశం

మన్రో కాలం నుంచి నేటి వరకు ఉపాధ్యాయుణ్ణి అతను ఎక్కిన మెట్టుతో కొలిచాం. అతని ముందు కూర్చున్న పిల్లవాడి అవసరంతో కొలవడం ఇప్పుడిప్పుడే మొదలైంది. మీరు డిగ్రీ పూర్తిచేశాక డీఈఎల్‌ఈడీలో చేరితే, నిచ్చెన దిగి వెనక్కి వెళ్లారని ఎవరైనా అనవచ్చు. ఈ చరిత్ర చదివిన తరువాత వారికి ఏం చెప్పాలో మీకు తెలుసు.

ఆలోచించండి: మీకు మొదటిసారి అక్షరాలు నేర్పిన ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని ఏ గ్రేడులో, ఏ శిక్షణతో వచ్చారు? వీలైతే వారినే అడిగి తెలుసుకోండి. వారి సమాధానాన్ని పై భాగాల్లో ఏ దశకు చేర్చవచ్చో పది వాక్యాల్లో రాయండి.