కచేరీ దగ్గరైన కథ

మా మందస ఉన్న చోటు ఎన్నడూ మారలేదు. వాయవ్యాన మహేంద్రగిరి, తూర్పున సముద్రం, నడుమ జీడి, పనస, కొబ్బరి తోటల ఉద్దానం. మారిందల్లా అర్జీ పట్టుకొని వెళ్ళాల్సిన ఊరే. జిల్లా వజ్రోత్సవ సంచికకు మందస గురించి రాయమన్నప్పుడు నాకు ముందు తట్టింది రాజుల వంశావళి కాదు, ఆ దారి పొడవు.

1936 దాకా మనది గంజాం జిల్లా. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైంది. గంజాం అటు పోయింది, మందస, టెక్కలి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. అంటే కచేరీ ఇంకా దూరమైంది. సరిహద్దు గీసినవాళ్ళు మా సంత మాట వినలేదు కాబోలు, బేరం ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

కచేరీ దూరమైతే దగ్గరున్నది ఏది? కోట. కొండ మీది అడవి తనదన్నది రాజుల ఎస్టేటు. బండి ఇరుసుకీ నాగలికీ కర్ర ఇంకెక్కడ తెచ్చుకోవాలన్నాడు రైతు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ మా దగ్గరి పలాసలోనే జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్ సభనాటికే అరెస్టయ్యాడు. ఆ సభ సందడి చల్లారకముందే, ఏప్రిల్ 1న, మా గుడారి రాజమణిపురంలో, ఈ అడవి గొడవ మీదే రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులు దిగారు. ఊరి పేరులోనే రాజు ఉన్నాడు, చూడండి. జనం అడ్డుపడ్డారు. ముందు నిలిచింది సాసుమాను గున్నమ్మ. పోలీసులు కాల్చారు. గున్నమ్మా, మరికొందరు రైతులూ నేలకొరిగారు. అప్పటికామె గర్భవతి అని మా పెద్దలు చెప్పుకునేవారు. వీర గున్నమ్మ అన్న పేరు సర్కారు ఇచ్చింది కాదు, ఊళ్ళు పెట్టుకున్నది.

ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. విశాఖ వెళ్ళే పని తప్పింది. 1985లో మండలాలు వచ్చాక మండల రెవెన్యూ అధికారి ఊళ్ళోనే కూర్చున్నాడు. అంతకుముందు అదే పనికి సోంపేట తాలూకా కచేరీ చుట్టూ తిరిగేవాళ్ళం. 2022లో పలాస రెవెన్యూ డివిజన్ అయ్యాక టెక్కలి ప్రయాణమూ తప్పింది. నార్వేలో ఉట్సిరా అనే దీవి ఉంది. జనం రెండు వందలు, అయినా 1924 నుంచీ వాళ్ళ మున్సిపాలిటీ వాళ్ళకుంది. అక్కడి మనిషి కాలినడకన చేరే చోటికి మేము దశాబ్దాల మీద చేరుకున్నాం.

వాసుదేవ పెరుమాళ్ళ గుడి సంగతి వేరు. దాని కోసం మేమెవరం ఎక్కడికీ పోనక్కర్లేదు, బయటివాళ్ళే ఇక్కడికి వచ్చారు. పెద్ద జీయరు స్వామి శ్రీభాష్యం చదువుకున్నది ఇక్కడే. కళింగ శైలి శిఖరం, లోపల శ్రీవైష్ణవ పూజ. మా ఊరి రెండు నాలుకల సంగతి రాతిలోనూ కనిపిస్తుంది.

దగ్గర కాక బాధపెట్టింది ఆసుపత్రి. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. డయాలసిస్ కోసం రోగులు ఏళ్ళ తరబడి దూరాలు తిరిగారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. అది రాకముందు దారిలోనే అలిసిపోయినవాళ్ళని ఏ జూబిలీ లెక్కలో రాస్తాం?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఉద్దానం తోటలనీ ఇళ్ళ కప్పులనీ లేపేసింది. ఎన్ని ఇళ్ళల్లో ట్రంకు పెట్టెలు తడిశాయో. వాటిలో ఎస్టేటు కాలపు శిస్తు రసీదులూ పట్టాలూ ఉండేవి. సర్కారు చరిత్ర సర్కారు దగ్గర భద్రంగానే ఉంటుంది. రైతు చరిత్ర మాత్రం ఆ పెట్టెల్లోనే ఉంది. మీ ఇంట్లో అలాంటి కాగితం మిగిలుంటే చెదలకి వదిలేయకండి. నకలు తీయించి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. 1940 సంగతి తాతల నోట విన్నవాళ్ళుంటే ఈ ఏడాదే కూర్చోబెట్టి రాయించండి.