లెక్కలోకి రాని ఆయాసం

మా పెదనాన్నది రాజాం దగ్గర పల్లెటూరు. 2021 మేలో కోవిడ్ వచ్చింది. ఆక్సీమీటర్ 84 చూపిస్తుంటే టౌన్లో ఓ చిన్న ఆసుపత్రిలో చేర్చాం. అక్కడ సిలిండర్, మాస్కు ఉన్నాయి. వెంటిలేటర్ లేదు, ధమని రక్తం తీసి ఆక్సిజన్ కొలిచే మిషనూ లేదు. మూడో రోజు పోయారు. కేస్ షీట్లో "నిమోనియా, ఆయాసం" అని ఉంది. పెద్ద ఐసీయూలో అయితే ఏఆర్‌డీఎస్ అని రాసేవారేమో!

నేను డాక్టర్ని కాను, కోడ్ రాసుకునేవాణ్ణి. అయినా ఈ పేరు సంగతేంటో చూద్దామని చదవడం మొదలెట్టా.

1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు ఆష్‌బా, బిగెలో, పెటీ, లెవిన్ లాన్సెట్ పత్రికలో ఒక విషయం రాశారు. శ్వాసకి సాయం అవసరమైన 272 మందిలో 12 మందిది ఒకటే తీరు. ఒకరికి యాక్సిడెంటు, ఒకరికి నిమోనియా. కారణాలు వేరైనా ఊపిరితిత్తులు బిరుసెక్కి, ఆక్సిజన్ ఇచ్చినా ఒంటికి పట్టట్లేదు.

సరే, ఎవరికి ఉన్నట్టు, ఎవరికి లేనట్టు? 1994లో అమెరికా, యూరప్ నిపుణులు ఒక లెక్క పెట్టారు. ధమని రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడిని, పీల్చే గాలిలో ఆక్సిజన్ వాటాతో భాగించాలి. ఆరోగ్యవంతుడికి 400 పైనే వస్తుంది. 200కి మించకపోతే ఏఆర్‌డీఎస్. 2012లో బెర్లిన్ నిర్వచనం దీన్ని మూడు మెట్లు చేసింది: 300 లోపు స్వల్పం, 200 లోపు మధ్యస్థం, 100 లోపు తీవ్రం. దాంతోపాటు ఇంకో కండిషనూ పెట్టింది. రోగి వెంటిలేటర్ మీదో, ఒత్తిడితో గాలినిచ్చే మాస్కు మీదో ఉండాలి.

ఇక్కడే బగ్గుంది. మిషన్ లేని చోట జబ్బు కూడా లేనట్టే!

రువాండాలోని కిగాలీలో ఒక పెద్దాసుపత్రిలో దీన్ని పరీక్షించి 2016లో ప్రచురించారు. 1,046 అడ్మిషన్లలో బెర్లిన్ ప్రకారం ఏఆర్‌డీఎస్ ఉన్నవాళ్ళు సున్నా. వెంటిలేటర్ కండిషన్ తీసేసి, రక్తపరీక్ష బదులు ఆక్సీమీటర్, ఎక్స్‌రే లేకపోతే అల్ట్రాసౌండ్ చాలంటే 42 మంది తేలారు. వాళ్ళలో సగంమంది చనిపోయారు. 2023లో వచ్చిన గ్లోబల్ నిర్వచనం ఆక్సీమీటర్ లెక్కని ఒప్పుకుంది. వసతుల్లేని చోట్ల వెంటిలేటర్ షరతు కూడా వదిలేసింది.

పేరు మారితే పెదనాన్న బతికేవారని నేననను. కానీ లెక్కలో లేని రోగి కోసం వెంటిలేటర్ ఎవరు కొంటారు చెప్పండి?

అన్నట్టు, 2022 ఏప్రిల్లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. గీత మారింది, ఊరు అక్కడే ఉంది. ఆయాసమూ అంతే.