ఇంటిలో వెలసిన న్యాయస్థానం

రక్తసంబంధానికీ ధర్మానికీ మధ్య పోరాటం మన సాహిత్యానికి కొత్త కాదు. కురుక్షేత్రంలో ఎదురెదురుగా నిలిచినవారు పరాయివారు కారు, ఒక వంశపు బిడ్డలే. కర్ణుడు తమ్ముని చేతిలో మరణించినాడు. ఆ మరణానికి వెనుక తల్లి దాచిన రహస్యమున్నది. స్వాతంత్ర్యానంతరం హిందీ చలనచిత్రం ఈ ప్రాచీన కలహాన్నే స్వీకరించి, దానికి పోలీసు దుస్తులనూ న్యాయవాది నల్లకోటునూ తొడిగినది. ఈ నేరకథలలో చివరి నేరం ఎవరిదో చెప్పడం సులభం. మొదటి ద్రోహం ఎవరిదన్నదే కఠినమైన ప్రశ్న.

1951లో వెలువడిన రాజ్ కపూర్ చిత్రం 'ఆవారా'లో న్యాయమూర్తి రఘునాథ్, దొంగ కడుపున పుట్టినవాడు దొంగే అవుతాడని నమ్మినవాడు. ఆ నమ్మకంతోనే, చేయని నేరానికి జగ్గాను శిక్షించినాడు. జగ్గా పగబట్టి అతని భార్యను ఎత్తుకొనిపోయి, ఆమె గర్భవతి అని తెలిసికొని విడిచిపెట్టినాడు. ఆమె శీలాన్ని శంకించి భర్త నిండు చూలాలిని ఇల్లు వెడలగొట్టినాడు. మురికివాడలో పెరిగిన కొడుకును జగ్గాయే దొంగగా తయారుచేసినాడు. చివరకు కొడుకు ముద్దాయిగా నిలిచిన న్యాయస్థానంలో, తండ్రి సాక్షిగా జవాబు చెప్పుకొనవలసి వచ్చినది. పృథ్వీరాజ్ కపూర్, రాజ్ కపూర్ నిజజీవితంలోనూ తండ్రీకొడుకులే కావడం వలన ఆ ఘట్టానికి విచిత్రమైన బలం చేకూరినది. అయినను చెరసాలకు పోయినవాడు కొడుకే. నిరపరాధిని శిక్షించిన తీర్పుకు గాని, భార్యను వీధిపాలు చేసిన అనుమానానికి గాని తండ్రికి ఏ శిక్షా పడలేదు.

మెహబూబ్ ఖాన్ 1940లో తీసిన 'ఔరత్' కథనే 1957లో 'మదర్ ఇండియా'గా తిరిగి చెప్పినాడు. రెండింటిలోనూ వడ్డీవ్యాపారి పాత్ర ధరించినవాడు కన్హయ్యాలాల్. కోడలిని తెచ్చుకొనడానికి అత్త చేసిన 500 రూపాయల అప్పు ఆ కథకు బీజం. చదువురాని ముసలామె ఒప్పుకొన్నది ఒకటి, పత్రంలో వ్రాసినది మరొకటి. గ్రామపెద్దలు పత్రాన్నే నమ్మినారు. పంటలో నాలుగింట మూడు పాళ్ళు వడ్డీ క్రిందనే పోవలసి వచ్చినది. ఆ లెక్కల పుస్తకం మీద పగతో పెరిగిన బిర్జూ వ్యాపారిని చంపి, అతని కుమార్తెను పెండ్లినాడే ఎత్తుకొనిపోబోగా, తల్లి రాధ కన్నకొడుకును తుపాకితో కాల్చినది. తన కుటుంబాన్ని నాశనం చేసినవాని బిడ్డనైనా ఊరి ఆడపడుచుగా కాపాడిన ఆ తల్లి ధర్మనిష్ఠకు తలవంచక తప్పదు. కాని ఆ అప్పుపత్రం అబద్ధమని ఏ పంచాయతీ అయినా ఒప్పుకొన్నదా?

1961లో నితిన్ బోస్ దర్శకత్వంలో దిలీప్ కుమార్ నిర్మించిన 'గంగా జమునా'లో అబద్ధపు నేరారోపణ వలన అడవి పట్టిన అన్నను, పోలీసు ఉద్యోగి అయిన తమ్ముడు కాల్చినాడు. ఆ పాత్రలు ధరించిన దిలీప్ కుమార్, నాసిర్ ఖాన్ సొంత అన్నదమ్ములు.

ఇదే కలహం 1975లో యశ్ చోప్రా 'దీవార్'తో నగరానికి చేరినది. సలీం-జావేద్‌లు రచించిన ఈ కథలో గనియజమాని భార్యాబిడ్డలను చెరపట్టి, కార్మికనాయకుని చేత అన్యాయపు ఒప్పందం మీద సంతకం చేయించినాడు. మోసపోయిన కార్మికుల కోపం పసివాని మీదకు మళ్ళినది: తన తండ్రి దొంగ అన్న మాట వాని చేతి మీద పచ్చబొట్టుగా మిగిలినది. వాడు పెరిగి దొంగరవాణాదారుడైనాడు. పోలీసు అధికారి అయిన తమ్ముని గుండుకు గురియై తల్లి ఒడిలో ప్రాణం విడిచినాడు. చిత్రం తమ్మునికి జరిగే సన్మానసభతో మొదలవుతుంది. ఆ గౌరవం తల్లికే చెందవలెనని అతడు అంటాడు. దాని వెల పెద్దకొడుకు ప్రాణమని మనకు చివరకు తెలుస్తుంది. గనియజమానిపై విచారణ జరిగిన సంగతి మాత్రం ఎక్కడా కనబడదు.

'మదర్ ఇండియా', 'దీవార్' కథలను తెలుగువారు 1971లో 'బంగారు తల్లి'గా, 1976లో 'మగాడు'గా తమ భాషలోనే చూచినారు. భాష మారినను ఏర్పాటు మారలేదు. మొదటి ద్రోహం తీర్పుగానో, పత్రంగానో, ఒప్పందంగానో చట్టం ముసుగు కప్పుకొని వస్తుంది. శిక్ష మాత్రం చివరి చేతికే పడుతుంది. చట్టం గెలవడానికి కావలసిన బలిని ఇల్లు సమర్పిస్తుంది. ఆ బలిని మనం త్యాగమని కీర్తిస్తాము.

విశాల్ భరద్వాజ్ 2003లో షేక్స్పియర్ 'మాక్బెత్'ను ముంబాయి నేరప్రపంచానికి తెచ్చి తీసిన 'మఖ్బూల్'లో ఆ ఇల్లు కూడా నిలువలేదు. ఇక్కడ ధర్మం పక్షాన నిలిచే తల్లి లేదు. పోలీసులు జాతకచక్రాలు వేసుకొంటూ ఇరుపక్షాలనూ ఎగదోస్తారు. తండ్రివలె పెంచినవానిని మఖ్బూల్ నిద్రలోనే చంపినాడు. చివరకు, హతుని కుమార్తె ఆసుపత్రిలో ఆ హంతకుల పసికందును ఆప్యాయంగా ఎత్తుకొనడం చాటునుండి చూచి, ఆయుధం విడిచి మరణానికి ఎదురేగినాడు.

దొంగ బిడ్డ దొంగే అన్న రఘునాథుని తీర్పుకు అర్ధశతాబ్దం తరువాత లభించిన సమాధానం ఇది. ఆమె ఆ పసివాని పుట్టుకను విచారించలేదు. తండ్రి నేరాన్ని వాని ఖాతాలో వ్రాయలేదు. ఏ న్యాయస్థానమూ తెంచలేని పగ ఆ చేతులలో తెగిపోయినది.